మోటార్లు పీకేశాం, ఇప్పుడేం చెయ్యాలి?

ప్రశ్న: మాది నాందేడ్ జిల్లా ధర్మాబాద్ తాలూకా, తెలంగాణ సరిహద్దును ఆనుకున్న ఊరు. ఇంట్లో తెలుగు, బడిలో, ఆఫీసుల్లో మరాఠీ. నాకు 22 ఏళ్ళు, బీఏ అయింది, పోలీసు భర్తీకి తయారవుతున్నాను. పద్నాలుగు మందిమి కలిసి యువక మండలి పెట్టుకున్నాం. ఇంటింటికీ నల్లా వచ్చింది గానీ మా కింది వాడకు నీళ్ళు సరిగా రావు. పై వాడలో కొందరు నల్లాకే మోటారు బిగించి లాగేస్తున్నారు. మొన్న ఎండాకాలంలో మేమే వెళ్ళి నాలుగు మోటార్లు పీకేశాం. అది కొట్లాట దాకా పోయి, స్టేషన్‌లో మా ముగ్గురి పేర్లు రాశారు. ఇప్పుడు రెండు వాడల మధ్య మాటల్లేవు. మండలిలో సగం మంది రావడం మానేశారు. సర్పంచ్ "పిల్లలకెందుకు ఇవన్నీ" అంటాడు. ఆగస్టు 15న గ్రామసభ ఉంది. గొడవ లేకుండా ఊళ్ళో మార్పు తేవాలంటే, పెద్దవాళ్ళు మమ్మల్ని లెక్కచెయ్యాలంటే ఏం చెయ్యాలి?

సమాధానం: తమ్ముడూ, ముందుగా ఒక్క మాట. ఆ నాలుగు మోటార్లు ఇప్పుడు ఎక్కడున్నాయి? మీ దగ్గరే ఉంటే గ్రామసభ కన్నా ముందు అవి తిరిగి వాళ్ళ ఇళ్ళకు చేరాలి. రెండు వాడల్లోనూ మాట చెల్లే ఒక పెద్దమనిషిని వెంటబెట్టుకుని, పగటిపూట, ఇద్దరే వెళ్ళి ఇచ్చి రండి. "ఇవి తీసుకోండి, కానీ ఇక బిగించొద్దు" లాంటి షరతులేవీ పెట్టకండి. ఏదైనా విరిగితే బాగుచేయించిన ఖర్చు మండలి భరించాలి. దీన్ని ఓటమిగా చూడకండి. మోటారు మీ దగ్గరున్నంతకాలం మీ మీద దొంగతనం మాట అనడానికి వాళ్ళకు వీలుంటుంది, నీళ్ళ మాట ఎవరికీ వినబడదు.

మోటారు పీకక ముందు ఊళ్ళో ప్రశ్న "ఎవరి వాటా ఎంత?" అన్నది. పీకిన మర్నాటి నుంచి "ఎవరు ఎవరి గడప తొక్కారు?" అన్నదయింది. మొదటిదానికి లెక్కతో జవాబు దొరుకుతుంది. రెండోది పరువు సంగతి, దానికి లెక్కలు పనికిరావు. మళ్ళీ మొదటి ప్రశ్న దగ్గరికి ఊరిని తీసుకురావడమే ఇప్పుడు మీ పని. అందుకు ఆ నాలుగిళ్ళ వాళ్ళకు తలవంచుకోకుండా వెనక్కి తగ్గే దారి ఒకటి మీరే చూపించాలి. అది లేకుండా సభలో గెలిచినా, నెల తిరిగేసరికి మోటార్లు మళ్ళీ వస్తాయి, ఈసారి రాత్రిపూట.

ఇక లెక్క సంగతి. జల్ జీవన్ మిషన్ ప్రకారం మనిషికి రోజుకు 55 లీటర్లు అందాలి. అయిదుగురున్న ఇంటికి 275 లీటర్లు. మీ ఊళ్ళో ఏ ఇంటికి ఎంత అందుతోందో ఇప్పటిదాకా ఎవరూ కొలిచి ఉండరు. "మాకు చుక్క రావట్లేదు" అని మీరు, "మాకూ అంతంతే" అని వాళ్ళు అనుకుంటూ ఉంటారు. 15 లీటర్ల బకెట్ ఒకటి, సెల్‌ఫోన్ చాలు. ట్యాంకు దగ్గరి నుంచి చివరి ఇంటి దాకా ఒక్కో వీధిలో మొదట, మధ్యలో, చివర ఒక్కో నల్లా ఎంచుకోండి. నీళ్ళు వదిలిన పది నిమిషాల తర్వాత బకెట్ నిండడానికి ఎంతసేపు పట్టిందో రాయండి. అప్పుడు కరెంటు ఉందా లేదా అన్నదీ రాయండి, ఎందుకంటే కరెంటు లేనప్పుడు మోటార్లు నడవవు. ఆ రోజు కింది వాడలో ధార పెరిగిందంటే మీ అనుమానం నిజమే. పెరగలేదంటే తప్పు ఇంకెక్కడో ఉంది. ఇలా ఏడు రోజులు చెయ్యండి. ఒక్క రోజు కొలత పట్టుకుని వెళ్తే "ఆ రోజు పైపు పగిలింది" అని ఒక్క మాటతో కొట్టేస్తారు.

ఉదాహరణకు, పై వాడ నల్లాకు బకెట్ నిమిషంలో నిండిందనుకోండి. ఆ ఇంటికి 275 లీటర్లు రావడానికి పద్దెనిమిది నిమిషాలు చాలు. మీ చివరి నల్లాకు అదే బకెట్ ఆరు నిమిషాలు తీసుకుంటే, అంతే నీళ్ళకు గంటా యాభై నిమిషాలు కావాలి. నీళ్ళు ముప్పావు గంటే వదిలితే చేతికొచ్చేది 112 లీటర్లు, మనిషికి 22. "అన్యాయం" అని వందసార్లు అరిచినా కదలని సభ ఈ 22 దగ్గర కదులుతుంది.

కొలిచేటప్పుడు మోటారు ఒక్కటే దొంగ అని ముందే తీర్పు చెప్పుకోకండి. చివరి ఇళ్ళకు నీళ్ళు అందకపోవడానికి చాలా కారణాలుంటాయి. ట్యాంకు సగమే నిండి ఉండొచ్చు, వాల్వు సగం తెరిచి వదిలేసి ఉండొచ్చు, నేల ఎత్తు ఎక్కువుండొచ్చు, పైపు సన్నదై ఉండొచ్చు, మురికికాలువ పక్కన జాయింటు లీకవుతుండొచ్చు. కొన్ని నల్లాలకు తిప్పే తలే ఉండదు, నీళ్ళు వీధిలోకి పారుతూనే ఉంటాయి. తల లేని నల్లాలు కింది వాడలోనూ తప్పకుండా ఉంటాయి, వాటినీ రాయండి. మీ వాడ తప్పు మీ కాగితంలోనే కనబడితే మిగతా కాగితాన్ని పై వాడ నమ్ముతుంది.

నీళ్ళు వదిలే మనిషిని మరిచిపోవద్దు. ఊళ్ళో అందరికన్నా ఎక్కువ తెలిసినవాడు, అందరికన్నా తక్కువ జీతమున్నవాడు అతనే. చాలా గొడవల్లో ముందు అతన్నే తిడతారు. కొలతల్లో అతన్ని కలుపుకోండి. ఏ వాల్వు తిప్పితే ఏ వీధికి పోతుందో అతని చేత నేల మీద గీయించి, కాగితంలోకి ఎక్కించండి. ఊరి నీళ్ళ పటం ఇంకే ఆఫీసులోనూ ఇంత సరిగా దొరకదు.

ఇప్పుడు వెనక్కి తగ్గే దారి గురించి. నల్లాకు మోటారు ఎందుకు బిగిస్తారు? మేడ మీది ట్యాంకులోకి నీళ్ళు ఎక్కించడానికి. ఆ అవసరం తప్పు కాదు, నల్లా నుంచి నేరుగా లాగడమే తప్పు. దానికి బదులు గేటు లోపల నేల మీద 200 లీటర్ల డ్రమ్ము గానీ చిన్న సంపు గానీ పెట్టుకుని, నల్లా దాంట్లోకి దానంతట అది పడేలా చేసి, నిండగానే ఆగిపోయేలా బంతి వాల్వు బిగించి, డ్రమ్ము నుంచి పైకి మోటారు పెట్టుకోవచ్చు. మోటారు వాళ్ళదే, మేడ ట్యాంకూ వాళ్ళదే. ఊరి పైపును పీల్చడం మాత్రం ఆగిపోతుంది. ఇంకో సంగతి వాళ్ళకు చెప్పాల్సింది ఉంది. మోటారు లాగుతున్నప్పుడు పైపులో ఒత్తిడి పడిపోతుంది. లీకున్న జాయింటు దగ్గర బయటి మురికిని పైపు లోపలికి పీలుస్తుంది. ఆ మురికి ముందుగా చేరేది లాగుతున్న ఇంటికే. వానాకాలంలో వాంతులు, విరేచనాలు మొదలయ్యేది అక్కడే. చివరి నల్లా దగ్గర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగలాలి. జల్ జీవన్ మిషన్ కింద ఊరికి అయిదుగురు ఆడవాళ్ళకు నీటి పరీక్ష కిట్ వాడటం నేర్పాలి. మీ ఊళ్ళో ఆ అయిదుగురు ఎవరో కనుక్కుని, వాళ్ళ చేతే రెండు వాడల్లోనూ పరీక్ష చేయించండి. ఈ మాట మీ నోటి నుంచి వస్తే బెదిరింపులా ఉంటుంది, ఆశా కార్యకర్త నోటి నుంచి వస్తే జాగ్రత్తలా ఉంటుంది.

ఈ పనులకు మీ పద్నాలుగు మంది సరిపోరు. సంఖ్య తక్కువని కాదు, అందరూ ఒకే వాడ మగపిల్లలైతే సరిపోరు. పై వాడ నుంచి కనీసం ముగ్గురు, నీళ్ళు మోసే ఆడపిల్లలు, కోడళ్ళు కనీసం అయిదుగురు కావాలి. పై వాడ పిల్లలు రారని అనుకుంటున్నారేమో. క్రికెట్‌కు, గణపతి మండపానికి వస్తారు కదా, బకెట్ పట్టుకోవడానికీ వస్తారు. కాకపోతే మోటారున్న ఇంటి అబ్బాయినే రమ్మని అడగకండి, ఇంట్లో ఇరుక్కుంటాడు. కొలతకు ఇద్దరు, ఒకరు ఒక వాడ, ఇంకొకరు రెండో వాడ. రాయడానికి మరాఠీ చక్కగా వచ్చిన ఒకరు. ఇల్లిల్లూ తిరిగి మాట్లాడటానికి నలుగురు. డబ్బు చూడటానికి ఒకరు, అతను మండలి అధ్యక్షుడు కాకూడదు. మనిషికి ఇరవై రూపాయలు వేసుకుంటే జిరాక్సులకు, బకెట్‌కు సరిపోతుంది. ఖర్చు కాగితం అందరికీ కనబడేలా అంటించండి. రిజిస్ట్రేషన్, లెటర్‌హెడ్, బ్యానర్ల జోలికి ఇప్పుడే పోవద్దు. వాటి మీద ఎవరి ఫొటో పెద్దదిగా ఉండాలన్న దగ్గరే సగం మండళ్ళు విడిపోతాయి. మానేసిన సగం మందిని బతిమాలకండి. ఏడు రోజుల కొలత పనికి పిలవండి చాలు. కుర్రాళ్ళు మీటింగులకు రారు గానీ పనికి వస్తారు.

గ్రామసభ విషయంలో చాలామంది చేసే పొరపాటు, ఆ రోజు లేచి గట్టిగా మాట్లాడితే చాలనుకోవడం. మహారాష్ట్రలో మామూలు గ్రామసభకు ఏడు రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. ఆ నోటీసులో మీ విషయం ఎక్కకపోతే, చివర్లో "అధ్యక్షుల అనుమతితో వచ్చే విషయాలు" అన్న పద్దు కిందికి పోతుంది. అప్పటికి జెండా ఎగిరి, లడ్డూలు పంచడం అయి, జనం లేచిపోతుంటారు. కాబట్టి జులై చివరికల్లా సర్పంచ్ పేర, గ్రామసేవక్ (పంచాయతీ కార్యదర్శి) చేతికి, మరాఠీలో ఒక పేజీ నివేదన్ (అర్జీ) ఇవ్వండి: "నీటి పంపిణీ వేళలు, వాల్వుల నిర్వహణ అన్న విషయాన్ని సభ విషయ పత్రికలో చేర్చాలి" అని. రెండో కాపీ మీద తేదీతో, ముద్రతో పోచ్ (అందినట్టు రసీదు) తీసుకోండి. పోచ్ లేని కాగితం ఇవ్వనట్టే. దాంట్లో ఎవరి పేరూ, మోటారు అన్న మాటా వద్దు.

కోరం మొత్తం ఓటర్లలో 15 శాతం లేదా వంద మంది, ఏది తక్కువైతే అది. గ్రామసభకు ముందు మహిళా సభ జరగాలని చట్టంలోనే ఉంది. చాలా ఊళ్ళలో అది రిజిస్టరులో సంతకాలతో ముగిసిపోతుంది. మీ బలమంతా అక్కడుంది. బిందె మోసేవాళ్ళు ముందు అక్కడ మాట్లాడితే, రెండు వాడల ఆడవాళ్ళ అభిప్రాయంగా అది గ్రామసభ ముందుకొస్తుంది. ఇంకో చిక్కు, మీ వైపు ఊళ్ళకే ప్రత్యేకమైనది. సభ మరాఠీలో నడుస్తుంది, పెద్దవయసు ఆడవాళ్ళకు సగం అందదు. అర్థం కాక ఊరుకుంటే ఒప్పుకున్నట్టే రాసుకుంటారు. ప్రతి విషయాన్నీ ముందు తెలుగులో చెప్పి, చర్చయ్యాక మరాఠీలో రాయాలనీ, రాసిన ఠరావును (తీర్మానాన్ని) సభలోనే పైకి చదివాకే సంతకాలు తీసుకోవాలనీ మొదట్లోనే అడగండి. ఖాళీ పేజీ మీద మాత్రం మీ మండలివాళ్ళెవరూ సంతకం పెట్టకూడదు. చెప్పడం పని మీ గుంపులో ఒక అమ్మాయికి అప్పగించండి, రెండు రోజులు సాధన చేస్తే చాలు.

ఠరావు ఎలా రాయాలో మీ తాలూకాలోనే నమూనా ఉంది. గోదావరి మీది బాభళి బంధారా (ఆనకట్ట) కోసం మహారాష్ట్ర, అప్పటి ఆంధ్రప్రదేశ్ ఏళ్ళ తరబడి కొట్లాడాయి. 2013 ఫిబ్రవరి 28న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పులో ఎవరు మంచివారన్న చర్చతో పని పడలేదు. జులై 1 నుంచి అక్టోబర్ 28 దాకా గేట్లు ఎత్తి ఉంచాలి, మార్చి 1న 0.6 టీఎంసీ కిందికి వదలాలి, ఇదంతా చూడటానికి రెండు రాష్ట్రాల నుంచి చెరొకరితో, కేంద్ర జల సంఘం మనిషి ఒకరితో కమిటీ ఉండాలి. తేదీ, పరిమాణం, చూసే మనుషులు. మీ ఠరావులోనూ ఈ మూడే ఉండాలి. కింది వాడ వాల్వు ఏ పూట ఎన్నింటి నుంచి ఎన్నింటి దాకా, పై వాడది ఎప్పుడు. నేరుగా లాగే మోటార్లకు బదులు డ్రమ్ము పెట్టుకోవడానికి అందరికీ రెండు నెలల గడువు, ఆలోపు ఎవరికీ జరిమానా లేదు. నెలకోసారి బకెట్ కొలత, దాన్ని పంచాయతీ బోర్డు మీద రాయడం. "నీళ్ళు సమానంగా పంచాలి" అని ఒక్క వాక్యం రాసి సంతకాలు పెట్టించుకుంటే మీకేమీ రానట్టే.

చూసే మనుషులు ఎక్కడి నుంచి వస్తారంటారా? ఊరి నీటి సరఫరా, పారిశుద్ధ్య సమితి ఉండనే ఉంది. దాని సభ్యుల్లో సగం ఆడవాళ్ళు ఉండాలి. మీ ఊరి సమితి పేర్ల జాబితా అడిగి తీసుకోండి. తాము అందులో ఉన్నామని తెలియనివాళ్ళు ఒకరిద్దరు బయటపడినా ఆశ్చర్యపోకండి. వాళ్ళను ఎగతాళి చెయ్యకుండా కొలతలకు పిలవండి.

ఠరావు అయిపోతే అంతా అయిపోదు. నీళ్ళ మీద ఈ రాష్ట్రంలో జరిగిన అన్నిటికన్నా పెద్ద పోరాటం చూడండి. ప్రభుత్వ నీటి వనరులు అందరివీ అని బొంబాయి శాసనమండలి 1923లోనే తీర్మానించింది. మహాడ్ మునిసిపాలిటీ 1924లో చవదార్ చెరువును అందరికీ తెరిచినట్టు కాగితం రాసింది. అయినా 1927 మార్చి 20న అంబేడ్కర్ వేల మందితో నడిచి వెళ్ళి దోసిలితో నీళ్ళు తాగేదాకా అది కాగితంగానే ఉంది. తర్వాత ఆయన మనుషుల మీద దాడి జరిగితే తిరిగి కొట్టొద్దని ఆపారు. అదే ఏడు డిసెంబరులో కోర్టు అడ్డు ఆజ్ఞ ఉందని, వేల మంది సిద్ధంగా ఉన్నా, రెండోసారి చెరువులో దిగకుండా సత్యాగ్రహం వాయిదా వేశారు. హైకోర్టు తీర్పు 1937లో ఆయన వైపే వచ్చింది. కోపమున్న వేల మందిని నిలబెట్టగలగడం ఎంత కష్టమో మీకు మొన్న మోటార్ల రోజు తెలిసే ఉంటుంది.

పంచాయతీ ఏమీ చెయ్యకపోతే? ముందు సమాచార హక్కు దరఖాస్తు. మహారాష్ట్రలో పది రూపాయల కోర్టు ఫీజు స్టాంపు, ఒక్క దరఖాస్తులో ఒక్కటే విషయం, 150 మాటలు మించకూడదు. ఠరావు నకలు, పైపులైన్ నక్షా, నీటి పథకం ఖర్చు వేర్వేరుగా అడగండి. ముప్పై రోజుల్లో జవాబు రావాలి, రాకపోతే మరో ముప్పై రోజుల్లోగా మొదటి అప్పీలు. తర్వాత పంచాయత్ సమితి బీడీఓకు నివేదన్. తాలూకా లోకశాహీ దిన్ (అధికారులు ఫిర్యాదులు వినే రోజు) నెలలో మూడో సోమవారం, కలెక్టర్ దగ్గరిది మొదటి సోమవారం. ఆ రోజు నేరుగా వెళ్ళి నిలబడితే లాభం లేదు, పదిహేను రోజుల ముందే అర్జీ ఇచ్చి ఉండాలి.

ధర్నా అన్నిటికన్నా చివర. చేస్తే పంచాయతీ ముందు ఒక పక్కన, దారి వదిలి, ఖాళీ బిందెలతో కూర్చోండి. స్టేషన్‌లో ముందే రాతపూర్వకంగా తెలపండి. మహారాష్ట్ర పోలీసు చట్టం 37వ సెక్షన్ కింద నిషేధాజ్ఞలు ఉన్నాయేమో అడగండి. పండగలప్పుడు, ఎన్నికలప్పుడు అవి తరచూ ఉంటాయి, అయిదుగురు కలిసి కూర్చున్నా కేసవుతుంది. రాస్తారోకో, ఆఫీసుకు తాళం వెయ్యడం, గ్రామసేవక్‌ను చుట్టుముట్టడం మీకు అసలే వద్దు. ప్రభుత్వోద్యోగి పనికి అడ్డుపడ్డారన్న కేసు పోలీసు భర్తీ కుర్రాడికి ఏం చేస్తుందో మీకే బాగా తెలుసు.

దీనికి ఎదురుగా ఒక ప్రమాదం కూడా చెప్పాలి. మీ వాడ మనుషులకు కూలి ఇవ్వొద్దని, కొట్లో సరుకులు అమ్మొద్దని ఎవరైనా కట్టు పెడితే అది వేరే సంగతి. 2016 సామాజిక బహిష్కరణ నిరోధక చట్టం ప్రకారం మూడేళ్ళ దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా ఉన్న నేరం. కులం పేరుతో నీళ్ళకు అడ్డుపడితే అట్రాసిటీ చట్టమే ఉంది. అప్పుడు రాజీ కోసం ఆలస్యం చెయ్యకండి. కానీ కేవలం వాల్వు తగాదాకు ఆ చట్టాల పేరెత్తి భయపెట్టొద్దు. నిజంగా అవసరమైన రోజు ఎవరూ నమ్మరు.

వాట్సాప్ గ్రూపులో ఏ ఇంటి ఫొటో, ఏ మోటారు వీడియో పెట్టకండి. కొలతల పట్టిక ఒక్కటి చాలు. గ్రూపుకు రెండు వాడల నుంచి చెరొకరు అడ్మిన్. క్రికెట్ కిట్లు ఇస్తామని, పుట్టినరోజు ఫ్లెక్సీ మీద మీ మండలి పేరు వేస్తామని నాయకులు వస్తారు. నీళ్ళ పని తేలేదాకా మండలిగా ఏదీ తీసుకోవద్దు, విడిగా ఎవరు ఏ పార్టీలో తిరిగినా అది వాళ్ళిష్టం.

సర్పంచ్ మాట సంగతి. "పిల్లలు" అన్నందుకు బాధపడుతున్నారు గానీ, 18 ఏళ్ళకు మీరు గ్రామసభ సభ్యులు, 21 ఏళ్ళకు పంచాయతీకి నిలబడొచ్చు. మీ వయసు ఆయనకు నిజంగా ఇబ్బంది కాదు. వచ్చే ఎన్నికల్లో నిలబడతారేమో అన్నదే ఆయన ఇబ్బంది. ఏడు రోజుల కొలతల కాగితం ముందు ఆయనకే చూపించి, సభలో ఆయన చేతే చదివించండి. పేరు ఆయనకు పోతుంది, నీళ్ళు మీకు వస్తాయి. ఈ బేరం చాలామంది యువకులకు మింగుడుపడదు, మా దృష్టిలో మాత్రం ఇంతకన్నా చవక బేరం ఊళ్ళో దొరకదు. సభ తర్వాత మండలి చెదిరిపోకుండా ఉండాలంటే గడ్చిరోలి జిల్లా మేంఢా-లేఖా గోండు ఊరి పద్ధతి చూడండి. అక్కడ గ్రామసభ నిర్ణయాలు ఓటుతో కాకుండా అందరి ఒప్పుదలతో జరుగుతాయి. నిర్ణయాలకు ముందు విషయాన్ని చదువుకోవడానికి వేరే అధ్యయన బృందాలు కూర్చుంటాయి, వాటిలో నిర్ణయాలు చెయ్యరు. సామూహిక అటవీ హక్కులు దేశంలోనే మొదటగా పొందిన ఊళ్ళలో అదొకటి. మీరూ పదిహేను రోజులకోసారి గంటసేపు ఒక్క కాగితం చదవండి: పంచాయతీ బడ్జెట్, రేషన్ జాబితా, ఏదైనా. ఆ గంటను నడిపేవాళ్ళు ప్రతిసారీ మారాలి.

ఇక స్టేషన్‌లో రాసిన మూడు పేర్ల సంగతి. అది ఎన్‌సీనా (నాన్-కాగ్నిజబుల్, అంటే చిన్న నేరం నమోదు), ఎఫ్‌ఐఆరా అన్నది ముందు తెలుసుకోండి. ఎన్‌సీ అయితే కోర్టు అనుమతి లేకుండా పోలీసులు దర్యాప్తు చెయ్యరు, చాలావరకు అక్కడే ఆగిపోతుంది. ఎఫ్‌ఐఆర్ అయితే దాని కాపీ తెచ్చుకుని, సెక్షన్లు చూసి, తాలూకా న్యాయసేవా సమితిలో ఉచితంగా వకీలు సలహా అడగండి. రాజీకి వీలున్న సెక్షన్లయితే, మోటార్లు తిరిగి ఇచ్చిన సంగతి అక్కడ మీకు పనికొస్తుంది. భర్తీ ఫారంలో కేసుల గడి దగ్గర ఉన్నదున్నట్టు రాయండి. చిన్న కేసున్న అభ్యర్థి కన్నా, దాన్ని దాచి వెరిఫికేషన్‌లో దొరికిపోయిన అభ్యర్థికే ఉద్యోగం పోయే ప్రమాదం ఎక్కువ.